నాలుగు గుడ్లు, నలభై కార్లు

పోయిన సంచికలో మన సంఘం సభ్యులొకరు "పిట్టల పెత్తనం" అనే పేరుతో రెండు పేజీల వ్యాసం రాశారు. చదివినవారు బాగా నవ్వుకున్నారని విన్నాను. నాకు నవ్వు రాలేదు. ఆనాడు పిక్నిక్‌కు నేనూ వెళ్ళాను. పులిహోర డేక్సా మోసినవాళ్ళలో నేనొకణ్ణి. ఆ వ్యాసంలో చెప్పినవాటికంటే చెప్పకుండా వదిలినవే ముఖ్యమని నా అభిప్రాయం. రచయిత మీద నాకు వ్యక్తిగతంగా ఏ కోపమూ లేదు. వారి పిల్లలూ మా పిల్లలూ ఆదివారం తెలుగు బడిలో ఒకే బల్లమీద కూర్చుంటారు. అయినా జవాబు చెప్పకుండా ఊరుకుంటే వారు చెప్పిందే సంఘం అభిప్రాయం అయిపోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు జరిగింది జరిగినట్టు చెబుతాను. న్యూజెర్సీలో మనం ఏటా పిక్నిక్ చేసుకునే కౌంటీ పార్కులో చెట్లకింద బల్లలున్న చోటికి పక్కనే కంకర పరిచిన స్థలం ఉంది. మనం కార్లు పెట్టుకునేది అక్కడే. ఈ జూన్‌లో మనం వెళ్ళేసరికి ఆ కంకరలో ఒక మూల నాలుగు కర్రలు పాతి, నారింజరంగు తాడు కట్టి ఉంది. అంతా కలిపి పదడుగుల చదరం. నాలుగు కార్లు పట్టే చోటు కూడా కాదు. కర్రకు ఒక అట్ట తగిలించి "లోపల గుడ్లున్నాయి, దయచేసి రావద్దు" అని రాసి పెట్టారు. రాసింది ఆ పార్కులో పిట్టలను చూసే బృందంవారు. మనవాళ్ళు కొందరు ఆ కర్రలు పీకి పక్కన పడేశారు. కార్లు వచ్చాయి. సాయంత్రానికి నాలుగు గుడ్లలో రెండు చితికిపోయాయి.

వ్యాసంలో తాడు సంగతి ఉంది, అట్ట సంగతి లేదు. "ఎవరో అడ్డంగా తాడు కట్టారు" అన్నారే గాని, ఎందుకు కట్టారో చెప్పలేదు.

ఆ పిట్ట పేరు కిల్‌డీర్. అది కూసే కూతే దాని పేరయింది. గోధుమరంగు వీపు, తెల్లని పొట్ట, రొమ్ముమీద రెండు నల్లపట్టీలు. గూడు అల్లటం దానికి తెలియదు. కంకరలో కాస్త గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు కూడా కంకరరాళ్ళ రంగులోనే, నల్లమచ్చలతో ఉంటాయి. రెండడుగుల దూరంలో నిలబడి వెతికినా కనబడవు. ఆడదీ మగదీ వంతులేసుకుని ఇంచుమించు నాలుగు వారాలు పొదుగుతాయి. మనిషో కుక్కో దగ్గరికి వస్తే ఒక రెక్క నేలమీద ఈడ్చుకుంటూ, విరిగినట్టు మూలుగుతూ దూరంగా పరుగెడుతుంది. వచ్చినవాడు దాని వెంటబడి గుడ్లను మరిచిపోవాలని దాని ఎత్తు. ఆవో గుర్రమో గూటిమీదికి నడిచి వస్తే మాత్రం ఈ నాటకం ఆడదు. రెక్కలు చాపి, తోక విప్పి ఎదురు నిలబడుతుంది. ఆవేళ ఒక పెద్ద వ్యాను ముందు కూడా అది అలాగే నిలబడింది. మనవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు.

మా అమ్మ ఆరునెలల కోసం వచ్చి మా దగ్గరే ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, అట్టమీద రాసింది చదవలేదు. పిట్ట నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగటం చూసి, "ఒరేయ్, ఇది మన తీతువు జాతిది కదురా! ఇక్కడెక్కడో గుడ్లు పెట్టి ఉంటుంది, కార్లు ఆపమను" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మన పొలాల గట్లమీద, చెరువు ఒడ్డున తిరిగే తీతువూ ఈ కిల్‌డీరూ ఒకే కుటుంబానికి చెందినవి. రెండూ నేలమీదే గుడ్లు పెడతాయి, రెండూ మామూలుగా నాలుగే పెడతాయి. పక్కనున్న ఒకాయన నవ్వి, "తీతువు కూస్తే అపశకునమంటారు కదండీ పిన్నిగారూ" అన్నాడు. "కూస్తే అపశకునమన్నారు గాని నాయనా, గుడ్లు తొక్కమన్నారా?" అంది అమ్మ. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇక వ్యాసంలోని ఆక్షేపణలకు వస్తాను.

మొదటిది: "నాలుగు గుడ్ల కోసం నలభై కార్లు ఎండలో రోడ్డుమీద నిలపాలా?" ప్రాస బాగుంది, లెక్క తప్పు. తాడు కట్టిన చోటు వదిలేస్తే మూడు కార్లు, మహా అయితే నాలుగు కార్లు రెండు ఫర్లాంగుల అవతల పెట్టుకోవలసి వచ్చేది. తిరుపతి కొండకు నడిచి ఎక్కుతామని మొక్కుకునే జాతివాళ్ళం, రెండు ఫర్లాంగులు నడవలేకపోయామా?

కార్ల సంగతి వదిలేద్దాం. మన దేశంలో ఒక పిట్ట కోసం కాలువనే పక్కకు తిప్పారు. కడప జిల్లాలో కలివికోడి అనే పక్షి ఉంది. జెర్డాన్ అనే వైద్యుడి పేరుతో ఇంగ్లీషు పుస్తకాల్లోకి 1848లో ఎక్కింది. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర చిట్టడవిలో మళ్ళీ దొరికింది. దొరికింది శాస్త్రజ్ఞుల పరికరాల వల్ల కాదు; ఆ పిట్టను పేరుతో సహా ఎరిగిన స్థానికుల వల్ల. తరువాత 2005లో తెలుగుగంగ కాలువ పని ఆ పక్షి తిరిగే చోటికి వచ్చినప్పుడు పక్షి ప్రేమికులు అడ్డుపడ్డారు. చివరకు కాలువ దారి మార్చారు. కరువుసీమలో, నీళ్ళకోసం ప్రాణాలు పెట్టే చోట అది చేయగలిగారు. మనం ఇక్కడ నాలుగు కార్లు పక్కకు జరపలేకపోయాం.

రెండో ఆక్షేపణ: పిట్టలను చూడటం తీరికున్న తెల్లవారి వ్యసనమనీ, ఉద్యోగాలూ పిల్లలూ ఉన్న మనకు అది పట్టదనీ. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇక్కడ బైనాక్యులర్లు మెడలో వేసుకుని తిరిగేవారిలో ఎక్కువమంది తెల్లవారే. 2020 మేలో న్యూయార్కు సెంట్రల్ పార్కులో పిట్టలను చూస్తున్న క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతీయుడి మీద ఒకావిడ పోలీసులను పిలిచిన సంగతి అందరికీ తెలుసు. అతను అడిగింది కుక్కకు గొలుసు వేయమని మాత్రమే. అయితే అతను ఆ తరువాత పిట్టలను చూడటం మానుకోలేదు. మనం నేర్చుకోవలసింది అది. చోటు లేదనుకుని దూరంగా కూర్చుంటే చోటు ఎన్నటికీ దొరకదు.

అదీగాక, వాళ్ళు చేసేది కేవలం కాలక్షేపమా? మనలో సగంమంది పొద్దున్న లేస్తే డేటా, డేటా అని పనిచేసేవాళ్ళమే కదా. 1900 క్రిస్మస్ నాడు ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన పిలుపు విని, తుపాకులు ఇంట్లో పెట్టి 27 మంది పిట్టలను లెక్కపెట్టటానికి బయలుదేరారు. ఆ లెక్క నేటికీ ఏటా సాగుతోంది. 1965లో కార్నెల్ విశ్వవిద్యాలయం గూళ్ళ వివరాలు కార్డులమీద రాసి పంపమని మామూలు జనాన్ని అడిగింది. ఎన్ని గుడ్లు, ఎన్నాళ్ళకు పిల్లలయ్యాయి, ఎన్ని ఎగిరిపోయాయి, ఇంతే. 1966 నుంచి వేసవిలో నిర్ణయించిన రోడ్లవెంట, నిర్ణయించిన చోట్ల ఆగి, మూడేసి నిమిషాలు విని రాసుకునే లెక్క ఒకటి మొదలైంది. ఇలాంటి లెక్కలన్నీ ఒకచోట చేర్చి చూస్తేనే, 1970 నుంచి ఉత్తర అమెరికాలో సుమారు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో తేలింది. నాలుగింట ఒక వంతుకు పైగా పోయాయన్నమాట. ఆ లెక్క వెనుక ఉన్నది బడిపంతుళ్ళూ నర్సులూ, తపాలా ఉద్యోగం చేసి విరమించినవాళ్ళూ.

మన న్యూజెర్సీ సంగతే చూడండి. సముద్రతీరంలో చేపలు పట్టి బతికే ఆస్ప్రే అనే పెద్ద గద్ద ఉంది. డీడీటీ చల్లకముందు ఈ రాష్ట్రంలో ఐదువందలకు పైగా గూళ్ళుండేవి. ఆ మందు దోమలనుంచి చేపల్లోకీ, చేపలనుంచి గద్దల్లోకీ ఎక్కి గుడ్లపెంకులు పల్చబడ్డాయి. తల్లి కూర్చుంటే గుడ్డు చితికిపోయేది. 1974 నాటికి సుమారు యాభై గూళ్ళు మిగిలాయి. 1972లో డీడీటీని నిషేధించారు. ఉప్పుబాడవల్లో గుంజలు పాతి, వాటిమీద బల్లలు కట్టి, ఏటా పడవల్లో వెళ్ళి పిల్లలను లెక్కపెట్టారు. 2023 నాటికి గూళ్ళు ఏడువందలు దాటాయి. ఇదంతా ఎవరో ఒకరు వేసవిలో గూటి దగ్గరికి వెళ్ళి, తాము చూసింది నలుగురితో చెప్పినందువల్ల జరిగింది. ఆ పార్కు ఆఫీసులో గోడకు తగిలించిన నోటుపుస్తకం ఉంది చూశారా? "మే 3, చెరువు దగ్గర మొదటి ఓరియోల్ కూసింది". "జూన్ 10, పడవల షెడ్డులో బార్న్ స్వాలో పిల్లలు ఐదు" అని అందులో రాస్తూ ఉంటారు. మన కిల్‌డీర్ గుడ్ల సంగతీ అందులో రాసి ఉంది. పిక్నిక్‌కు తొమ్మిది రోజుల ముందే. అనుమతి కాగితం తీసుకోవటానికి అదే గదికి వెళ్ళాం. ఎవరమూ ఆ పుస్తకం తిప్పి చూడలేదు. అందులో నేనూ ఉన్నాను. ఈ తప్పు నాది కూడా.

మూడో ఆక్షేపణ కాస్త గట్టిది: "నీలిపిట్టల పెట్టెల్లో పిచ్చుకలు గూడు పెడితే వాటి గుడ్లను వాళ్ళే తీసి పారేస్తారు. అప్పుడేమైంది ఈ కరుణ?" నిజమే, పారేస్తారు. పిచ్చుక ఈ దేశపు పిట్ట కాదు. 1850ల మొదట్లో బ్రూక్లిన్‌లో మనుషులే తెచ్చి వదిలారు. అది నీలిపిట్ట పెట్టెలో దూరి పిల్లలను, ఒక్కోసారి తల్లిని కూడా పొడిచి చంపుతుంది. అందుకే చట్టం దానికి రక్షణ ఇవ్వలేదు. ఇది తెలిసినా నాకు మనసు చివుక్కుమంటుంది. మా ఊళ్ళో వసారాలో వరికంకుల కుచ్చులు కట్టేవాళ్ళు పిచ్చుకల కోసం. అదే పిచ్చుక అక్కడ పట్నాల్లో కనబడక జనం బెంగపడుతున్నారు, ఇక్కడ గుడ్లు పారేస్తున్నారు. ఈ మాటకు నా దగ్గర తియ్యని సమాధానం లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. పిచ్చుక గుడ్డు తీసేవాడు రెంటినీ ఎరిగి, ఏది నిలవాలో బాధపడి తేల్చుకుని తీస్తున్నాడు. మనం ఏమీ ఎరగకుండా, చక్రం కింద ఏముందో చూడకుండా తొక్కాం. ఈ రెండూ ఒకటి కావు.

నాలుగో ఆక్షేపణ: మనమీద కక్షతోనే పార్కువారికి ఫిర్యాదు చేశారని. ఫిర్యాదు చేసిన మాట నిజం. అయితే గుడ్లున్న గూటిని అనుమతి లేకుండా పాడుచేయటం ఈ దేశంలో నేరం. 1918 నుంచీ ఉన్న వలసపక్షుల చట్టం అది. మనలో ఒక్కరు కూడా ఈ గడ్డమీద అడుగుపెట్టక ముందటి చట్టం. మనకోసం ప్రత్యేకంగా చేసింది కాదు. వచ్చే ఏడు ఆ స్థలం మనకిస్తారో లేదోనన్న భయం వ్యాసంలో కనబడింది. ఆ భయం నాకూ ఉంది. అయితే స్థలం పోతుందన్న బాధ ఉన్నవారికి, రెండు గుడ్లు పోయిన బాధ ఒక్క వాక్యంలోనైనా ఉండవద్దా?

ఇంతవరకూ మనవాళ్ళను అన్నాను. ఇప్పుడు ఆ బృందంవారిని కూడా ఒక మాట అనాలి, లేకపోతే న్యాయం కాదు. వాళ్ళు కొన్ని గూళ్ళ సంగతి మరీ వివరంగా రాస్తారు. ఫలానా బాట పక్కన, ఫలానా చెట్టుమీద గుడ్లగూబ పిల్లలున్నాయని రాస్తే, మర్నాటికి ముప్పైమంది కెమెరాలతో దిగుతారు. తల్లి భయపడి మేత తేవటం మానుకుంటుంది. మనుషులు తొక్కిన దారి వెంట రకూన్లూ కాకులూ గూటికి దారి తెలుసుకుంటాయి. వాళ్ళలోనే తెలిసినవాళ్ళు ఈ సంగతి ఒప్పుకుంటారు, చోటు రాయవద్దని పోరుతూనే ఉన్నారు.

ఈ విషయంలో మనం వాళ్ళకు నేర్పగలిగింది ఒకటుంది. మన ఇళ్ళల్లో పురిటిల్లు అనే మాట ఉంది. బిడ్డ పుట్టిందని ఊరంతా చెప్పుకుంటారు, మిఠాయి పంచుతారు. కాని పురిటిగది గడప మాత్రం అందరూ తొక్కరు. పదకొండో రోజు పురుడు వచ్చేదాకా ఆగుతారు. గూడు కూడా పురిటిల్లే. వార్త నలుగురికీ చెప్పాలి, తలుపు మాత్రం తెరవకూడదు. నెల్లూరు సీమలో నేలపట్టు చెరువులో కడపచెట్లమీద గూడబాతులు గూళ్ళు పెడితే ఆ పక్క పల్లెలవాళ్ళు చేసేది అదే. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పొలానికి ఎరువని వాళ్ళకు తెలుసు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరిమధ్య చెట్లమీదే వలసపక్షులు పిల్లలు చేస్తాయి, ఊరివాళ్ళు వాటిని కాపాడుకుంటూ వచ్చారు. ఆ పల్లెలవాళ్ళ పిల్లలమే కదా మనం.

మిత్రభేదంలో తీతువు కథ మనందరం చిన్నప్పుడు చదువుకున్నాం. సముద్రం ఒడ్డున తీతువు పెట్టిన గుడ్లను సముద్రుడు తీసుకుపోతాడు, ఈ పిట్ట నన్నేం చేస్తుందని. పిట్టలన్నీ కూడి గరుత్మంతుడి దగ్గరికి వెళ్తాయి, ఆయన విష్ణువుకు మొరపెడతాడు. అంత సముద్రుడూ భయపడి గుడ్లు తిరిగి తెచ్చి ఇస్తాడు. ఇదే కథ ఆదివారం బడిలో మన పిల్లలకు చెబుతాం. పిక్నిక్‌లో ఎనిమిదేళ్ళ పాప ఒకతె నన్ను, "అంకుల్, దానికి నిజంగా రెక్క విరిగిందా?" అని అడిగింది. "లేదమ్మా, గుడ్లను కాపాడుకోవటానికి అలా చేస్తుంది" అన్నాను. "మరి మనం ఎందుకు కాపాడలేదు?" అంది. వ్యాసకర్తగారికి నేను ఎంత పొడుగు జవాబైనా రాయగలను. ఆ పాపకు మాత్రం ఏమీ చెప్పలేకపోయాను. మనం సముద్రుడి పాత్ర వేసిన రోజున పిల్లలకు ఆ కథ ఏ మొహం పెట్టుకుని చెబుతాం?

విమర్శించి ఊరుకోవటం నా ఉద్దేశం కాదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగు సంగతులూ పెడతాను.

ఒకటి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఏ పార్కులో కూడినా, అనుమతి కాగితంతోపాటు గూళ్ళ సంగతి కూడా అడిగి రావాలి. తాడు కట్టి ఉంటే ఆ తాడు మన తాడే అనుకోవాలి.

రెండు, ఇళ్ళదగ్గర కంచెమొక్కలు కత్తిరించటం ఆ నెలల్లో ఆపుకోవాలి. ఆపలేకపోతే ముందు కొమ్మలు విడదీసి చూసుకోవాలి. వీధితలుపుకు కట్టిన పూలచట్రంలో హౌస్ ఫించ్ గూడు పెడితే ఒక నెలపాటు గరాజ్ దారిన తిరిగితే మనకు పోయేదేమీ లేదు. పచ్చికమీదా చెట్లమీదా పురుగుమందు కొట్టించేవారు ఒకసారి ఆలోచించాలి: చికడీ అనే పిడికెడంత పిట్ట ఒక ఈత పిల్లలను పెంచటానికి ఆరువేలకు పైగా గొంగళిపురుగులు తేవాలి. పురుగును చంపి పిట్టను రమ్మంటే ఎక్కడినుంచి వస్తుంది?

మూడు, ఈ పత్రికలో వేసవి సంచికల్లో ఒక పేజీ పిట్టల వార్తలకు ఇవ్వాలి. ఎవరి పెరట్లో ఏది వచ్చింది, ఏది పాడింది, ఎన్ని పిల్లలు ఎగిరిపోయాయి. పిల్లలు రాస్తే మరీ మంచిది. గూడున్న చోటు మాత్రం అచ్చు వేయవద్దు.

నాలుగు, ఆ బృందంవారికి సంఘం తరఫున క్షమాపణ చెప్పాలి. ఉత్తరంతో కాదు. మనలో పదిమందిమి వాళ్ళతో ఒక ఉదయం నడవటానికి వెళ్ళి చెప్పాలి.

మర్నాడు పొద్దున్నే నేను మళ్ళీ పార్కుకు వెళ్ళాను. ఎవరో కర్రలు మళ్ళీ పాతారు. మిగిలిన రెండు గుడ్లమీద ఆ పిట్ట కూర్చునే ఉంది. నన్ను చూసి లేవబోయింది, నేనే వెనక్కు తగ్గాను. ఆ తరువాత రెండు వారాలకు నోటుపుస్తకంలో ఒక పంక్తి కనబడింది: "కంకరలో కిల్‌డీర్, రెండు పిల్లలు, తల్లివెంట పరుగెడుతున్నాయి." ఒళ్ళు ఆరగానే అవి పరుగెత్తగలవు. రొమ్మున ఒకే నల్లపట్టీ ఉంటుంది, పెద్దవయ్యాక రెండోది వస్తుంది.

ఆ పంక్తి కింద నేను తెలుగులో "చూశాం" అని రాసి వచ్చాను. ఆ పుస్తకంలో మన అక్షరం అదే మొదటిది. వ్యాసకర్తగారు తమకు తోచినప్పుడు వెళ్ళి రెండోది రాయాలని కోరుతున్నాను. కావాలంటే నేను కూడా వెంట వస్తాను.

— ఒక సభ్యుడు